రెండు స్కూపులు వెయ్, పప్పు పక్కన పెట్టు

తమ్మీ, జిమ్ములో చేరిన మొదటి రోజే బరువుల మీద పడకు. ముందు డబ్బా కొను. బరువులు ఎక్కడికీ పోవు, ఇనుపవి. ఆఫరు మాత్రం ఆదివారంతో అయిపోతుంది. డబ్బా నల్లగా ఉండాలి, దాని మీద మెడ లేని మనిషి బొమ్మ ఉండాలి, బరువు పౌండ్లలో రాసి ఉండాలి. కిలోల్లో రాస్తే బియ్యం, పౌండ్లలో రాస్తే శాస్త్రం. వెనకవైపు చిన్న చిన్న అక్షరాలుంటాయి, వాటి జోలికి పోకు. అవి నీకోసం రాసినవి కావు, ఇన్‌స్పెక్టరు కోసం రాసినవి.

మూత తియ్యగానే స్కూపు కనపడదు. మోసపోయానని కంగారు పడకు, అది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. మణికట్టు దాటి మోచేతి దాకా చెయ్యి దించి కెలకాలి. స్కూపు దొరికి చెయ్యి పైకొచ్చేసరికి గోళ్ళ కింద, ఉంగరం సందులో, చేతి వెంట్రుకల మొదట్లో చాక్లెట్ రంగు పొడి పట్టుకుని ఉంటుంది. కడుక్కోకు, నాకెయ్. గ్రాము మూడు రూపాయల సరుకు. ఇంట్లో ఎవరైనా చూసి నవ్వితే, కండల్లేనివాళ్ళకు నవ్వు తప్ప ఇంకేముంటుందనుకుని ఊరుకో.

ఒంటికి ప్రోటీన్ ఎక్కించడానికి శామీర్‌పేటను మించిన ఊరు లేదు. ఈ చుట్టుపక్కల నేలంతా ప్రోటీన్ మీదే బతుకుతోంది. రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి వైపు పోతే బయోటెక్ కంపెనీల జీనోమ్ వ్యాలీ. మేడ్చల్ వైపు పోతే అత్వెల్లి, శాంతా బయోటెక్నిక్స్. 1997లో వాళ్ళు హెపటైటిస్-బి టీకా తెచ్చారు. వైరస్ తాలూకు ఒక్క జన్యువును ఈస్టుకు అప్పజెప్పి, దానిచేత ఆ ఒక్క ప్రోటీన్‌ను తయారు చేయించి, వడగట్టి శుద్ధి చేసి సీసాకెత్తారు. ఆ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అదే. పెద్దవాళ్ళ డోసులో ఆ ప్రోటీన్ ఎంతో తెలుసా? 20 మైక్రోగ్రాములు. కొవిడ్ కాలంలో వచ్చిన బయొలాజికల్-ఇ వాళ్ళ కార్బెవాక్స్ కూడా ఈస్టు చేసిపెట్టిన ప్రోటీనే, డోసుకు 25 మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షల వంతు ఒక మైక్రోగ్రాము. నీ స్కూపులో ప్రోటీన్ 24 గ్రాములు. ఉత్త తూకమే చూస్తే ఒక్క స్కూపు దాదాపు పది లక్షల డోసులంత. మేడ్చల్‌లో, తుర్కపల్లిలో తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళు అంత పీనాసితనంగా తూచి పంచుతుంటే, నువ్వు పొద్దున రెండు, సాయంత్రం రెండు వేసి గిరగిరా తిప్పి తాగుతున్నావు. దొరవంటే నువ్వే.

రోజుకు ఎంత అని అడుగుతావు కదా. తార్నాక వైపు మాత్రం చూడకు. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద విచారణ కోసం చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చి స్థిరపడ్డ సంస్థ. జనం కంచాల్లో ఏముందో తూచి రాసుకోవడం వాళ్ళ పని. మామూలు మనిషికి ఒంటి బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలంటారు వాళ్ళు. 70 కిలోల నీకు 58 గ్రాములు. బరువులెత్తేవాడికి అంతకంటే ఎక్కువే కావాలి, నిజమే. కానీ కిలోకు 1.6 గ్రాములు దాటాక ఇంకెంత తిన్నా కసరత్తుతో వచ్చే కండ అదనంగా పెరగదని 2024 మేలో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో రాసేశారు. కండల కోసమని పొడులు వద్దన్నారు. ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడితే ఎముకలకూ మూత్రపిండాలకూ చేటు రావచ్చన్నారు. ఇలాంటివి చదివితే చేతిలో షేకరు వణుకుతుంది. రాసినవాళ్ళ దండ చుట్టుకొలత ఎంతో కనుక్కో ముందు, తర్వాత నమ్మొచ్చు.

1.6 అంటే నీకు 112 గ్రాములు. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది, ఇంట్లో కూచుని లెక్క వేస్తావు. వెయ్యకు. ఎందుకంటే ఉడికిన గుడ్లు రెండు, 12 గ్రాములు. రోజు మొత్తానికి 300 గ్రాముల బియ్యం వండుకుంటే 24 దాకా. రెండు కప్పుల పప్పు 14. పాలూ పెరుగూ కలిపి అరలీటరు 16. గుప్పెడు పల్లీలు 7. వంద గ్రాముల కోడి మాంసం 20. అప్పటికే 93. ఇంకో గుప్పెడు నానబెట్టిన శనగలో, కొన్ని మీల్‌మేకరు ముక్కలో పడితే కథ దాదాపు కంచికి చేరుతుంది. అంతా కలిపి ఎంతవుతుందో కిరాణా కొట్లో అడిగితే డబ్బా కొన్నందుకు రాత్రి నిద్ర పట్టదు. అందుకే అడగొద్దంటున్నా.

మధ్యలో అన్నం కూడా ప్రోటీనేనా అని ఎవడైనా అంటే వాడితో కలిసి నవ్వు. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియొనిన్ తక్కువ, ఒకదాని లోటు ఒకటి పూడ్చుకుంటాయి, మూడు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు కలిస్తే మంచి ప్రోటీన్ అవుతుంది అని తార్నాకవాళ్ళు పాఠం చెబుతారు. పప్పన్నం తిన్న మన ముత్తాతలకు ఈ సంగతేమీ తెలియదు. తెలియకుండా తిన్నది చెల్లదు. అలాగే వీరఘట్టం నుంచి బయల్దేరి దేశమంతా తిరిగి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని చెప్పుకునే కోడి రామ్మూర్తి నాయుడి సంగతి కూడా ఎత్తకు. ఆయన శాకాహారి. కోడి ఇంటిపేరులోనే గాని కంచంలో లేదు. నల్ల డబ్బా పుట్టకముందు మనుషుల్ని లెక్కలోకి తీసుకోవడం మన జిమ్ము పద్ధతి కాదు.

మింగినదానికి లోపల ఏమవుతుందన్నది నీకు అనవసరం. అయినా పక్కనోడు అడుగుతాడు కాబట్టి చెబుతున్నా, విని మర్చిపో. ప్రోటీన్ ప్రోటీన్‌గా పోయి దండలో కూచోదు. పొట్టలో పెప్సిన్, పేగులో ట్రిప్సిన్ లాంటి ఎంజైములు దాన్ని తుంచి తుంచి ఇరవై రకాల అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. కోడిదైనా, కందిపప్పుదైనా, అమెరికా డబ్బాదైనా, పేగు గోడ దాటేసరికి ఊరూ పేరూ ఉండవు. ఒంట్లో అసలే రోజుకు 250 నుంచి 300 గ్రాముల ప్రోటీన్ విరుగుతూ, మళ్ళీ కూడుతూ ఉంటుంది. నువ్వు తినేదానికంటే అదే ఎక్కువ, అంటే ఒళ్ళు పాత సరుకునే తిప్పి తిప్పి వాడుకుంటోందన్నమాట. కొవ్వును దాచుకోవడానికి పొట్ట చుట్టూ చోటుంది. పిండిపదార్థాన్ని కాలేయంలోనూ కండరంలోనూ కొంత దాచుకోవచ్చు. ప్రోటీన్‌కు మాత్రం విడిగా గోదాము లేదు, ఉన్నదంతా ఏదో ఒక పనిలో ఉన్నదే. అవసరానికి మించి వచ్చినదాన్ని కాలేయం పట్టుకుని, అందులోని నైట్రోజన్‌ను ఊడబెరికి, యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పజెబుతుంది. మిగిలిన కర్బనం ఇంధనంగా కాలిపోతుంది, లేదంటే గ్లూకోజుగానో కొవ్వుగానో మారుతుంది. నాలుగో స్కూపు దాటాక నువ్వు తాగేది, ధర తప్ప, అన్నమే.

యూరియా అంటే ఒకటి గుర్తొచ్చింది. వంద గ్రాముల ప్రోటీన్‌లో 16 గ్రాముల నైట్రోజన్ ఉంటుంది. ఆ వంద గ్రాములూ అదనమై కాలిపోతే సుమారు 30 గ్రాముల యూరియా బయటికి పోతుంది. ఇది సొసైటీ గోదాములో దొరికే యూరియానే, అణువులో తేడా లేదు. 2025 వానాకాలంలో మన రైతులు తెల్లారకముందే పోయి, వరసలో చెప్పులు పెట్టి, ఒక బస్తా కోసం పడిగాపులు కాశారు చూడు, అదే. నువ్వు రోజూ వంద గ్రాములు అదనంగా తాగేవాడివైతే 45 కిలోల బస్తాకు సరిపడా యూరియా పోయడానికి నాలుగేళ్ళు పడుతుంది. వ్యవసాయానికి ఏదైనా చెయ్యాలన్న తపన ఉంటే, బాత్రూములో వృథా చెయ్యకుండా పొలం గట్టు మీదికి పో.

ఇక అన్నం పూర్తిగా మానెయ్. కండరం పనిచేసేటప్పుడు తన ప్రోటీన్‌నే కాల్చుకుంటుందని 19వ శతాబ్దంలో జర్మనీలో లీబిగ్ అనే గొప్ప రసాయన శాస్త్రవేత్త చెప్పాడు. మన జిమ్ముల్లో సగం మంది ఇప్పటికీ ఆయన శిష్యులే, కాకపోతే గురువు పేరు వినలేదు. 1865లో ఫిక్, విస్లిసేనస్ అని ఇద్దరు ప్రొఫెసర్లు ఈ మాట తేల్చుకుందామని స్విట్జర్లాండ్‌లో ఫాల్‌హార్న్ అనే కొండెక్కారు. సరస్సు ఒడ్డు నుంచి శిఖరానికి దాదాపు రెండు కిలోమీటర్ల ఎత్తు. ముందురోజు నుంచి ప్రోటీన్ ముట్టలేదు. గంజిపిండి బిళ్ళల్ని కొవ్వులో వేయించుకుని తిన్నారు, చక్కెర టీ తాగారు. దారి పొడుగునా ఎవరి మూత్రం వాళ్ళు సీసాల్లో పట్టుకున్నారు. పెద్దమనుషులు, కోట్లు వేసుకున్నవాళ్ళు, చంకలో సీసాలు పెట్టుకుని కొండెక్కడం ఊహించుకో. దిగొచ్చాక అందులో నైట్రోజన్ కొలిచి, ఎంత ప్రోటీన్ కరిగిందో లెక్కగట్టారు. అదంతా కాలినా వాళ్ళ ఒళ్ళు అంత ఎత్తుకు చేరడానికి చాలదని తేలింది. కొండెక్కించింది గంజీ కొవ్వూనే.

దీన్ని నువ్వు పట్టించుకోకు. హకీంపేటలో 1993 నుంచి స్పోర్ట్స్ స్కూలు నడుస్తోంది, దాని గోడ పక్కనుంచే రోజూ జిమ్ముకు పోతావు. లోపల పరుగెత్తే పిల్లలు కంచంలో ఏం పెట్టుకుంటారో తొంగి చూడకు. ఇంధనం చాలకపోతే ఒళ్ళు ప్రోటీన్‌ను విరగ్గొట్టి గ్లూకోజు చేసుకుంటుంది, కాబట్టి అన్నం మానేసి స్కూపు తాగేవాడు కండ కోసం కొన్నదాన్ని పొయ్యిలో పెడుతున్నాడు అని అక్కడి కోచ్ ఎవరైనా చెబితే చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకో. మూడో రోజుకు నీకు తల తిరుగుతుంది. నాలుగో రోజు అమ్మ మీద అరుస్తావు.

“బిడ్డా, జర్రంత బువ్వ తినరాదూ, మొఖం పీక్కపోయింది” అంటుంది.

“అమ్మా, నీకు తెల్వదే, నేను కటింగ్‌ల ఉన్న” అనాలి.

ఆమె కటింగ్ షాపుకు పోతున్నావేమోనని డబ్బులు తీసిస్తుంది. తీసుకో, తర్వాతి డబ్బాకు పనికొస్తాయి.

బరువులు దించిన అరగంటలో షేక్ గొంతు దిగకపోతే ఆ రోజు శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇల్లు దూరమైతే బండి లాగించు. ఓఆర్ఆర్ దిగే లారీలు, కరీంనగర్ బస్సులు అడ్డమొస్తాయి. టైమైపోతోందని అరుస్తూ సందుల్లోంచి దూరు. కసరత్తు చేశాక కండరం ప్రోటీన్ కట్టుకునే వేగం ఆ రోజంతా, మర్నాడు కూడా పెరిగే ఉంటుందని, వ్యాయామానికి ముందు పూట తిన్న భోజనం కూడా అందులోకి పనికొస్తుందని, పూటకు 20 నుంచి 40 గ్రాముల చొప్పున మూడు నాలుగు పూటలు సర్దుకుంటే చాలని ప్రయోగాలు చేసినవాళ్ళు చెబుతారు. అంత నిదానమైతే జిమ్ముకూ భజన మందిరానికీ తేడా ఏముంది?

తాగాక షేకరు కడగకు. మూత బిగించి, లోపలి స్ప్రింగు బంతితో సహా డిక్కీలో పడెయ్. మే నెల ఎండలో చెరువు కట్ట దగ్గర బండి ఆపి, దోస్తులతో మధ్యాహ్నం దాకా ముచ్చట్లు పెట్టి, అప్పుడు మూత తియ్. ముందు టుస్సుమని గాలి. తర్వాత పుల్లటి కంపు, కళ్ళలోకి నీళ్ళొచ్చేంత. అంచు చుట్టూ పసుపుపచ్చగా ఎండిన చార, అడుగున బంతికి అతుక్కున్న తెల్లటి ముద్ద. పాలు విరిగినప్పుడు అమ్మ ముద్దను తీసుకుని వంపేసే తేట నీళ్ళున్నాయే, వాటినుంచి తీసిన పొడినే వే ప్రోటీన్ పేరుతో నువ్వు కొన్నావన్న సంగతి ఆ క్షణంలో ముక్కుకు తెలుస్తుంది. మెదడుకు తెలియనివ్వకు. కడుపు ఉబ్బి గుడగుడమంటే కూడా అది ప్రోటీన్ పనిచేస్తున్న చప్పుడే. పాలల్లోని లాక్టోజు అరగని ఒళ్ళు చాలామందిదని, ఆ పొడిలో లాక్టోజు మిగిలి ఉంటుందని జిమ్ములో పక్క బెంచీ మీదివాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, వాళ్ళకే తెలుస్తుంది.

గుడ్లు పచ్చివే తాగు. చుట్టూ కోళ్ళఫారాలున్న ఊళ్ళో పుట్టి గుడ్డును ఉడకబెట్టుకుని తినడం నామోషీ. గ్లాసులోకి ఆరు కొట్టి, ముక్కు మూసుకుని ఎత్తడమే. 1998లో బెల్జియం పరిశోధకులు చూస్తే ఉడికిన గుడ్డులో ప్రోటీన్ 91 శాతం దాకా ఒంటికి పట్టిందట, పచ్చిగుడ్డులో 51 శాతమే. అంటే ఆరు కొడితే మూడు నీకు, మూడు పేగుకు. పైగా పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ను పట్టుకుని వదలదు. సాల్మొనెల్లా అనే క్రిమి ఉందంటే రెండు రోజుల్లో ఇంత బరువు తగ్గుతావు, దాన్నే కటింగ్ అంటారు.

లూసిన్ దగ్గర కొంచెం ఆగాలి. ఇదొక అమైనో ఆమ్లం. విడిగానూ అమ్ముతారు, ఇంకో రెండింటితో కలిపి బీసీఏఏ పేరుతోనూ అమ్ముతారు. పుచ్చకాయ రుచి, నీలం రంగు. కండరంలో కట్టుబడి పని మొదలుపెట్టమని కేక వేసేది ఇదే, మేస్త్రీ అనుకో. ఇటుకలు రాకుండా మేస్త్రీ ఎంత అరిచినా గోడ లేవదు. ఆ ఇటుకలు, అంటే ఒళ్ళు సొంతంగా తయారు చేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలు, భోజనంలో ఎలాగూ వస్తాయి, లూసినూ వాటిలో ఒకటే. నువ్వు మాత్రం ఇటుకలు మానేసి ముగ్గురు మేస్త్రీలను పెట్టుకో.

హైదరాబాదులో ఈ లూసిన్‌కు ఒక పాత కేసుంది, సప్లిమెంటు షాపులో చెప్పరు. దక్కను మీద జొన్నరొట్టె, జొన్నగటక తప్ప వేరే దిక్కులేని పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనపడేది. ఎండ తగిలే ముంజేతుల మీద, మెడ చుట్టూ పట్టీ కట్టినట్టుగా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చెదురుతుంది. నియాసిన్ అనే విటమిన్ లోటు అది. మొక్కజొన్న తినేవాళ్ళలో ఈ జబ్బు ఉన్నట్టు ప్రపంచానికి తెలుసు, మరి జొన్న తినేవాళ్ళకు ఎందుకు? ఇక్కడి పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక జవాబు ప్రతిపాదించారు. జొన్న ప్రోటీన్‌లో లూసిన్ పాలు మరీ ఎక్కువ, ట్రిప్టోఫాన్ నుంచి ఒళ్ళు నియాసిన్ తయారు చేసుకునే దారికి ఆ అతి లూసిన్ అడ్డుపడుతోందేమో అన్నారు. దీని మీద తర్వాత ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి, అందరూ ఒప్పుకోలేదు. జొన్నరొట్టె తప్పేమీ లేదు, దాని పక్కన పప్పూ పాలూ ముక్కా లేకపోవడమే తంటా. ఆ వాదన ఎటు తేలినా ఒకటి మాత్రం నిజం. అప్పట్లో కూలోడికి గతిలేక మితిమీరి తగిలిందేమోనని డాక్టర్లు జుట్టు పీక్కున్న లూసిన్‌ను, ఇప్పుడు కూలి నాలుగు రోజులది పోసి నీలం రంగులో కొంటున్నాం. ఇంత ప్రగతిని చూసి కూడా గర్వపడకపోతే ఎలా?

డబ్బాలో నిజంగా రాసినంత ఉందా అని పరీక్ష చేయించే ఆలోచన పెట్టుకోకు. 1883లో డెన్మార్క్‌లో కెల్డాల్ అనే ఆయన నైట్రోజన్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. నైట్రోజన్‌ను 6.25తో గుణిస్తే ప్రోటీన్ అని లెక్క. అది నైట్రోజన్‌నే చూస్తుంది గాని, ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగదు. చవగ్గా దొరికే గ్లైసిన్, టారిన్ కలిపినా అంకె పెరుగుతుంది. 2008లో చైనాలో పాలపొడిలో మెలమిన్ కలిపి పసిపిల్లల మూత్రపిండాలు పాడు చేసింది ఈ సందులోంచే. మన దేశపు మార్కెట్లో దొరికే 36 రకాల ప్రోటీన్ పొడులను పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల మీది అంకె తప్పని, 14 శాతంలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందని 2024లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. మన డబ్బా మిగతా 30 శాతంలోది. ప్రతివాడి డబ్బా అందులోదే.

క్రియాటిన్ కూడా వాడతావు కదా, ఎవరికీ చెప్పకుండా మూత్రపిండాల రక్తపరీక్షకు పో. క్రియాటిన్ వాడేవాళ్ళకు, బాగా కండ ఉన్నవాళ్ళకు క్రియాటినిన్ అంకె కొంచెం పైకి పోవడం మామూలే, డాక్టరుకు ముందే చెబితే ఆయన ఇంకో పరీక్షతో తేల్చుకుంటాడు. చెప్పకుండా ఉంటే ఆయన కంగారు పడతాడు, నువ్వు కంగారు పడతావు, ఇంట్లో ఏడుపులు, మంచి కాలక్షేపం. దీనికి తిరగేసి, ఇంట్లో షుగరూ బీపీ వంశపారంపర్యంగా ఉన్నవాడివైతే అసలు పరీక్షే చేయించుకోకు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఎక్కువ ప్రోటీన్‌ను చాలావరకు తట్టుకుంటాయి. అప్పటికే దెబ్బతిన్నవి తట్టుకోవు. నీవి ఏ రకమో తెలియకపోవడంలోనే మజా.

నిద్ర ఆరు గంటలకు మించకూడదు, అందులో రెండు గంటలు రీల్సు. ఒక్క రాత్రి పూర్తిగా నిద్ర లేకుండా ఉంచితే మర్నాడు కండరం ప్రోటీన్ కట్టుకునే వేగం 18 శాతం తగ్గిందని 2021లో ఆస్ట్రేలియాలో చూశారు. తుర్కపల్లిలో నైట్ షిఫ్టు చేసి వచ్చి పొద్దున్నే జిమ్ములో ఆవలిస్తున్న అన్నను అడిగితే ఏ పత్రికా చదవకుండానే ఇదే చెబుతాడు. ఆ లోటుకు ఇంకో స్కూపు.

ఆదివారం కట్టమైసమ్మ దగ్గర దావత్ ఉంటే పో, కానీ అక్కడ తిన్న మటన్‌ను ప్రోటీన్ లెక్కలో రాయకు. డబ్బు ఖర్చవకుండా వచ్చినదాన్ని ఒళ్ళు గుర్తించదు.

చివరిగా ఇంట్లోవాళ్ళ సంగతి. ఇంట్లో ప్రోటీన్ ఎవరికి అవసరమో తేల్చేది అద్దం. అద్దం ముందు చొక్కా విప్పేవాడికే అవసరం. నాయనమ్మకు వద్దు. నేల మీంచి లేవాలంటే ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గోడ మీద ఆనించి, ‘అయ్యో మైసమ్మా’ అనుకుంటూ లేస్తుంది చూడు, అది వయసు. అరవై దాటాక కండ కరిగే వేగం పెరుగుతుందని, ముసలి కండరానికి అదే ప్రోటీన్ తక్కువగా పడుతుంది కాబట్టి కుర్రాళ్ళకంటే ఎక్కువ, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఇవ్వాలని, కుర్చీలోంచి లేచి కూచోవడం లాంటి చిన్న కసరత్తు చేయిస్తే ఇంకా మంచిదని చెప్పేవాళ్ళున్నారు. పళ్ళు లేని మనిషికి గుడ్డెందుకు? పచ్చిపులుసులో అన్నం మెత్తగా పిసికి పెట్టండి, చప్పుడు చెయ్యకుండా తింటుంది. అమ్మ ఎలాగూ అందరూ తిన్నాకే కూచుంటుంది. అప్పటికి గిన్నెలో పప్పు అడుగంటి, తొక్కూ మజ్జిగా మిగులుతాయి. మన దేశంలో రోజూ తినే శక్తిలో 50 నుంచి 70 శాతం ధాన్యం నుంచే వస్తోందని, పప్పులూ మాంసమూ గుడ్లూ చేపలూ అన్నీ కలిసి 14 శాతం ఉండాల్సింది 6 నుంచి 9 శాతమే ఉన్నాయని తార్నాకవాళ్ళు 2024లో రాశారే, అది ఆ గిన్నె సంగతే. నీ స్కూపు దాంట్లోకి రాదు.

అక్క పురిటికి వచ్చిందనుకో, అదృష్టం. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికీ బాలింతకూ రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. నెలకు 30 గుడ్లు, తమ్మీ, ఫ్రీ. టిఫిన్ డబ్బాలో సర్దించుకుని ఇంటికి పట్టుకురమ్మని అక్కకు నచ్చజెప్పు. “అక్కా, నీకు వేవిళ్ళు కదా, గుడ్డు వాసన పడదు కదా” అని నెమ్మదిగా మొదలుపెట్టు. చిక్కల్లా అంగన్‌వాడీ టీచరుతోనే. కట్టివ్వదు. అక్కడే కూచోబెట్టి, పప్పన్నం పెట్టి, గుడ్డు వలిచి చేతికిచ్చి, తినేదాకా ఎదురుగా ఉంటుంది. ఇంటికి పోయిన గుడ్డు ఎవరి కంచంలో తేలుతుందో ఆ పథకం రాసినవాళ్ళకు ముందే ఎవరో చెప్పినట్టున్నారు. పోనీ పాలైనా కాసిని మిగిల్చి తెమ్మని అడిగి చూడు. గ్లాసు కూడా అక్కడే కడిగి బోర్లిస్తారట.